నేలలోని బంగారం, కాగితం మీది వాటా: దక్షిణ భారత బంగారు గనుల బుడగ (1879–1885) – చిత్తూరు సరిహద్దు నుంచి ఒక పరిశీలన

వ్యాస సారాంశం

1879 చివరి నుంచి సుమారు రెండేళ్లపాటు లండన్ మార్కెట్‌లో దక్షిణ భారత బంగారు గనుల వాటాలకు అసాధారణమైన గిరాకీ ఏర్పడి, అంతే వేగంగా కూలిపోయింది. ఆ కంపెనీల్లో కొన్ని తవ్విన కోలారు శిలామేఖల నేటి చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోకి కూడా విస్తరించి ఉంది. వైనాడు, కోలారు క్షేత్రాల అనుభవాలను పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేలలో బంగారం ఉండటం ఒక విషయం, ఆ బంగారం పేరిట అమ్మిన వాటాకు విలువ ఉండటం మరొక విషయం అన్నది దీని ప్రధాన ప్రతిపాదన. కోలారు విజయాన్ని చూపి బుడగను సమర్థించడం చారిత్రకంగా సరికాదని, నేటి మదుపరులకు ఈ ఘట్టం నేర్పే పాఠం ఈ తేడాలోనే ఉందని వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: కోలారు, వైనాడు, చిగురుగుంట, వాటాల బుడగ, ప్రాస్పెక్టస్, మదుపరులు, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

ఆర్థిక చరిత్రలో బుడగల ప్రస్తావన రాగానే హాలండ్ తులిప్ దుంపలు, 1720 నాటి సౌత్ సీ కంపెనీ, 1929 నాటి న్యూయార్క్ పతనం గుర్తుకు వస్తాయి. చార్లెస్ కిండిల్‌బర్గర్ 1978లో వెలువరించిన గ్రంథం తరువాత ఈ ఘట్టాలన్నిటినీ ఒకే క్రమంలో చదవడం పరిశోధకులకు అలవాటైంది. ముందుగా ఒక కొత్త అవకాశం పుడుతుంది. దాని చుట్టూ సులభమైన ధనం చేరుతుంది. ధరలు పెరుగుతున్నాయన్న ఒక్క కారణంతోనే మరికొందరు కొంటారు. చివరకు భయం వ్యాపించి ధరలు కూలుతాయి.

ఈ క్రమం తెలుగు నేలకు దూరంగా జరిగినది మాత్రమే కాదు. చిత్తూరు కేంద్రంగా ఉన్న నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా పడమటి సరిహద్దుకు ఆనుకొని, 19వ శతాబ్ది చివరి పాదంలో అటువంటి బుడగ ఒకటి ఉబ్బి పగిలింది. కోలారు గనుల చరిత్రను ఎక్కువగా సాంకేతిక విజయగాథగానో, కార్మిక చరిత్రగానో చదవడం జరిగింది. వాటాల మార్కెట్ కోణం నుంచి, అందులోనూ దక్షిణ రాయలసీమ వైపు నుంచి చూసినప్పుడు మరికొన్ని ప్రశ్నలు ముందుకు వస్తాయి.

2. సరిహద్దుకు ఇరువైపులా ఒకే మేఖల

టిప్పు సుల్తాన్ పతనం తరువాత మైసూరు సరిహద్దులను కొలిచే పనిలో ఉన్న లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో ఎర్రకొండ పరిసరాల్లో బంగారం దొరుకుతుందన్న మాట విన్నాడు. స్థానికుల చేత మట్టి కడిగించి పరీక్షించాడు. ఊరిగాం, మారికుప్పం గ్రామాల వద్ద అంతకుముందే స్థానికులు తవ్విన గుంతలను కూడా గమనించాడు. అంటే ఆంగ్ల కంపెనీలు ‘కనుగొన్న’ బంగారం అప్పటికే ఆ గ్రామాలవారికి తెలిసినదే.

కోలారు శిలామేఖల ఉత్తర దక్షిణాలుగా సాగే సన్నని పట్టీ. దాని దక్షిణ భాగం కుప్పం ప్రాంతంలోకి, అక్కడినుంచి తమిళనాడు వైపుకు వస్తుంది. గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం ఈ మేఖల మీదివే. 1864 నాటికి జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలుమార్గం ఏర్పడి కుప్పం మీదుగా సాగింది. మద్రాసు రేవులో దిగిన యంత్రాలు గనులకు చేరడానికి ఇదే దారి. భూగర్భం, రైలు, కూలి జనం అనే మూడు విధాలుగా ఈ ప్రాంతం కోలారుతో ముడిపడి ఉంది. లాభాల లెక్క మాత్రం లండన్‌లో జరిగింది.

మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు 1873లో కోలారులో తవ్వకపు హక్కు కోసం మైసూరు ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకున్నాడు. 1875లో అతనికి 20 ఏళ్ల హక్కు లభించింది. ఊరిగాం వద్ద ఒక బావి తవ్వించాడు గాని, పెట్టుబడి చాలక ఆ హక్కును బెరెస్‌ఫోర్డ్ అనే సైన్యాధికారికీ అతని మిత్రులకూ బదలాయించాడు. ఈ బదలాయింపు ముఖ్యమైనది. తవ్వితే వచ్చే బంగారం కంటె ముందుగానే, తవ్వే హక్కు ఒక సరుకుగా మారి చేతులు మారడం మొదలైంది.

3. వైనాడు: బుడగకు పుట్టిల్లు

బుడగ మొదట ఉబ్బింది కోలారులో కాదు, నీలగిరి జిల్లాకు చెందిన ఆగ్నేయ వైనాడులో. అక్కడి పలుగురాతి సిరల్లో బంగారు జాడలున్నట్టు చాలాకాలంగా తెలుసు. 1875లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఒక ప్రాథమిక నివేదిక సమర్పించాడు. 1879లో ప్రభుత్వం ఆస్ట్రేలియాలోని విక్టోరియా నుంచి రాబర్ట్ బ్రౌ స్మిత్‌ను పిలిపించింది. విక్టోరియాలో గనుల శాఖ కార్యదర్శిగా పనిచేసిన వ్యక్తి కావడంతో ఆయన పేరు మార్కెట్‌కు ఒక హామీపత్రంలా పనిచేసింది. ఆయన నివేదిక 1880లో పూర్తి రూపంలో వెలువడక ముందే కంపెనీల నమోదు మొదలైంది.

తరువాతి సుమారు రెండేళ్లలో దక్షిణ భారత బంగారం కోసం ఇంగ్లండులో 40కి పైగా కంపెనీలు ఏర్పడ్డాయి. వాటి నామమాత్రపు మూలధనం దాదాపు 50 లక్షల పౌన్లు. అందులో 40 లక్షల పౌన్ల మేర వైనాడు కంపెనీలదే. పందలూరు అనే చిన్న ఊరు కొంతకాలం గనుల పట్టణంగా వెలిగింది.

ఈ కంపెనీలకు భూములు అమ్మినవారు ఎవరన్నది పరిశీలించదగిన అంశం. వారిలో ఎక్కువమంది కాఫీ తోటల యజమానులు. ఆకుతెగులు, కాండం తొలిచే పురుగు కారణంగా ఆ తోటలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. కాఫీ పండని భూమి బంగారు భూమిగా మారి భారీ ధర పలికింది. కంపెనీలను నెలకొల్పినవారు భూమిని ఒక ధరకు కొని, ఇంకా పెద్ద ధరకు కంపెనీకే అమ్మడం, ఆ ధరలో కొంత నగదుగానూ కొంత వాటాలుగానూ పుచ్చుకోవడం నాటి పద్ధతి. ఆ విధంగా మదుపరి చెల్లించిన మూలధనంలో పెద్ద భాగం గునపం నేలను తాకకముందే ఖర్చయిపోయింది. భూమి ధర పోగా మిగిలిన దానితో రాతిని పిండిచేసే భారీ యంత్రాలను తెప్పించారు. ఆ యంత్రాలకు వేయడానికి సరిపడినంత ఖనిజం ఉందా లేదా అన్న పరీక్ష చివరకు మిగిలింది.

పరీక్ష జరిగినప్పుడు ఫలితం నిరాశ కలిగించింది. ఉపరితలం దగ్గర, శిథిలమైన రాతిలో కనిపించిన బంగారం లోతుకు వెళ్లేకొద్దీ పలచబడింది. ఏరి పంపిన నమూనాలు ఔన్సుల ఆశ కలిగించగా, టన్నుల కొద్దీ రాతిని పిండి చేసినప్పుడు లభించింది కొద్ది పెన్నీవెయిట్లు మాత్రమే. ఒక ట్రాయ్ ఔన్సుకు 20 పెన్నీవెయిట్లు. 1882 నాటికి వాటాల ధరలు కూలాయి. కంపెనీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. యంత్రాలు అడవిలో తుప్పుపట్టాయి.

4. వేయగలిగిన లెక్క, వేయని లెక్క

నాటి మదుపరులకు సమాచారం అందుబాటులో లేదని, అందువల్లనే మోసపోయారని సాధారణంగా భావించడం జరుగుతుంది. ఈ అభిప్రాయం పాక్షిక సత్యమే. ఇంగ్లండు అప్పుడు స్వర్ణ ప్రమాణంలో ఉంది. శుద్ధమైన బంగారం ఔన్సు ధర సుమారు నాలుగుంబావు పౌన్ల వద్ద స్థిరంగా ఉండేది. నేటివలె బంగారం ధర పెరిగి గని వాటా విలువ పెరిగే అవకాశం అప్పుడు లేదు. ఎంత రాయి తవ్వారు, టన్నుకు ఎంత బంగారం వచ్చింది, టన్నుకు ఎంత ఖర్చయింది అనే మూడు అంకెల మీదనే లాభం ఆధారపడి ఉండేది.

ఉదాహరణగా లక్ష పౌన్ల మూలధనం గల ఒక కంపెనీని ఊహించవచ్చు. వాటాదారులకు ఏడాదికి నూటికి 10 చొప్పున ఇవ్వాలంటే 10,000 పౌన్లు కావాలి. టన్నుకు ఒక ఔన్సు లభిస్తే, ఖర్చులను పక్కన పెట్టినా, సుమారు 2,350 టన్నుల రాయి తవ్వాలి. టన్నుకు 3 పెన్నీవెయిట్లే లభిస్తే టన్ను విలువ 13 షిల్లింగుల లోపు. అప్పుడు ఖర్చులేమీ లేకుండానే దాదాపు 15,700 టన్నులు తవ్వాలి. తవ్వకం, రవాణా, యంత్రాల కట్టెలు, కూలి కలిపితే ఆ టన్ను విలువలో మిగిలేది స్వల్పం. ఇదే లెక్కను మొత్తం వైనాడు నామమాత్ర మూలధనానికి వర్తింపజేస్తే, నూటికి 10 ఇవ్వడానికి ఖర్చులు పోను ఏటా 94 వేల ఔన్సుల బంగారం మిగలాలి. అంత బంగారం ఏటా ఇవ్వగలదని నిరూపించిన తవ్వకం ఒక్కటీ అప్పటికి ఆ ప్రాంతంలో లేదు.

ఈ లెక్కకు రహస్య సమాచారం అవసరం లేదు. ప్రాస్పెక్టస్‌లో పేర్కొన్న మూలధనం, అందరికీ తెలిసిన బంగారం ధర చాలు. అయినా ఎక్కువమంది ఆ లెక్క వేయలేదు. వాటా కొన్నవాడు బంగారం వస్తుందని కాక, తన వాటాను రేపు మరొకడు ఎక్కువ ధరకు కొంటాడని నమ్మాడు. అటువంటి కొనుగోలుదారుకు టన్ను లెక్క అనవసరమనిపిస్తుంది. ఇక్కడ కనిపించే లోపం సమాచారానిది కాదు, ప్రశ్నది.

5. కోలారు: మిగిలిన 13 వేల పౌన్లు

వైనాడు ఉత్సాహమే కోలారుకూ పాకింది. 1880లో మైసూరు కంపెనీ, ఊరిగాం కంపెనీ, నందిదుర్గం కంపెనీ వంటివి ఏర్పడ్డాయి. ఇక్కడ కూడా హక్కుల కొనుగోలుకు, యంత్రాలకు, పైపై తవ్వకాలకు మూలధనం ఖర్చయింది. 1883 నాటికి దాదాపు అన్ని కంపెనీలూ చేతులెత్తేసే స్థితికి వచ్చాయి. వాటాల విలువ ముఖవిలువలో చిన్న భాగానికి పడిపోయింది. మైసూరు కంపెనీ వద్ద దాదాపు 13,000 పౌన్లు మిగిలాయి.

ఆ సొమ్మును వాటాదారులకు పంచి కంపెనీని మూసివేయాలని కొందరు, చివరి ప్రయత్నానికి వినియోగించాలని మరికొందరు వాదించారు. జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ సలహా మేరకు రెండవ వాదం నెగ్గింది. ఆ సంస్థ తరఫున కెప్టెన్ ప్లమ్మర్ 1883 చివర కోలారు చేరాడు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల సంప్రదాయంలో ‘కెప్టెన్’ అంటే సైన్యాధికారి కాదు, గని పనుల పెద్ద. ప్లమ్మర్ కొత్త చోట్ల వెదకడానికి బదులు, ప్రాచీనులు తవ్వి వదిలిన గుంతల అడుగుకు దృష్టి మళ్లించాడు. 1885 నాటికి వాటి దిగువన, తరువాత చాంపియన్ సిరగా ప్రసిద్ధమైన గొప్ప ఖనిజ సిర బయటపడింది. మిగిలిన చరిత్ర సుపరిచితమే. 1902లో శివసముద్రం నుంచి 90 మైళ్లకు పైగా దూరం విద్యుత్తు వచ్చింది. గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు చేరాయి. 2001లో మూతపడేనాటికి ఈ క్షేత్రం దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చిందని అంచనా.

ఈ ఘట్టంలో గమనించవలసిన విషయం ఒకటుంది. 1880లోనూ 1885లోనూ నేలలోని బంగారం ఒకటే. మారినది ఆ బంగారానికి మదుపరి చెల్లించిన ధర, ఆ ధనాన్ని వినియోగించిన తీరు. 1880లో పూర్తి ముఖవిలువకు కొని, 1883లో నిరాశతో అమ్మినవాడు నిజమైన బంగారు గనిలోనే తన సొమ్ము పోగొట్టుకున్నాడు. కాబట్టి బుడగ అంటే తప్పనిసరిగా అబద్ధం మీద నిలిచినదే కానవసరం లేదు. నిజం మీద కూడా బుడగ ఉబ్బుతుంది.

6. విజయం కల్పించిన రెండవ భ్రమ

కోలారు విజయం తరువాత దాని పేరే పెట్టుబడిగా మారింది. చాంపియన్ రీఫ్ కంపెనీ 1889లో ఏర్పడి గొప్ప లాభాలు గడించింది. దాని పక్కనే, అదే మేఖల మీద, ‘మైసూరు’ అనే మాటను పేరులో చేర్చుకున్న కంపెనీలు అనేకం వచ్చాయి. దీర్ఘకాలం నిలిచి లాభాలు పంచినవి నాలుగైదు మాత్రమే. అనంతపురం జిల్లా రామగిరిలోనూ 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో లండన్ కంపెనీలు తవ్వకాలు జరిపి, కొంతకాలానికి విరమించుకున్నాయి.

‘కోలారును చూడండి, ఓర్పు పట్టినవారికి ఫలం దక్కింది’ అన్న వాదం నాటినుంచి నేటివరకు వినిపిస్తూనే ఉంది. ఈ వాదం బతికినదాన్నే లెక్కిస్తుంది. మూతపడిన వైనాడు కంపెనీల వాటాదారుల్లోనూ ఓర్పుగలవారున్నారు. వారి ఓర్పు వారికి మరింత నష్టాన్నే మిగిల్చింది. మైసూరు కంపెనీని కాపాడింది కేవలం ఓర్పు కాదు. నిర్వాహకుల మార్పు, తవ్వకపు పద్ధతి మార్పు, అన్నిటికీ మించి కింద నిజంగా సిర ఉండటం దాన్ని కాపాడాయి. 13 వేల పౌన్ల నిర్ణయం ఫలించింది కనుక వివేకంగా కనిపిస్తుంది. అదే నిర్ణయం వైనాడులో జరిగి ఉంటే మూర్ఖత్వంగా మిగిలేది. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని కొలవడం చరిత్రకారుడికీ మదుపరికీ సమానంగా ప్రమాదకరం.

7. నష్టం ఎవరిది, శ్రమ ఎవరిది

బుడగ పగిలినప్పుడు మొదటి నష్టం ఇంగ్లండు మదుపరులది. కాని దాని భారం వారితోనే ఆగలేదు. 1876–78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిని, మైసూరును, రాయలసీమను పీల్చి పిప్పిచేసిన కొద్దికాలానికే ఈ గనులు తెరుచుకున్నాయి. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి, ముఖ్యంగా దళిత కులాల నుంచి, తమిళ తెలుగు కూలీలు అక్కడికి చేరారు. వాటాల ధర పెరిగినప్పుడు వారి కూలి పెరగలేదు. పనులు నిలిచినప్పుడు మాత్రం మొదట పోయింది వారి కూలే. గనులు లాభాల్లోకి వచ్చాక రాతి పేలుళ్లు, ఊపిరితిత్తుల వ్యాధి వారి వంతయ్యాయి. మైసూరు ప్రభుత్వానికి బంగారం విలువలో నూటికి 5 చొప్పున రాయల్టీ దక్కింది. కూలీలను పంపిన సరిహద్దు గ్రామాలకు అదీ లేదు.

లండన్ స్పెక్యులేషన్ నష్టాలు దక్షిణ భారతీయుల పొదుపును నేరుగా తాకిన ఘట్టం తరువాత వచ్చింది. 1906 అక్టోబరు 22న మద్రాసులోని ఆర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసింది. లండన్‌లోని దాని అనుబంధ సంస్థ జరిపిన స్పెక్యులేషన్ నష్టాలు ఈ పతనానికి ముఖ్య కారణం. రాజధాని అంతటా వేలాది డిపాజిటర్లు దెబ్బతిన్నారు. ఏ వాటానూ కొనని ఉద్యోగులు, పింఛనుదారులు కూడా తమ డిపాజిట్ల ద్వారా తెలియకుండానే లండన్ జూదంలో భాగస్వాములయ్యారు. ఈ అనుభవం నుంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది.

8. నేటి అనుభవంతో పోలిక

తెలుగువారి ఇటీవలి జ్ఞాపకంలో ఉన్నది సత్యం కంప్యూటర్స్ ఉదంతం. 2009 జనవరి 7న ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని సంస్థ అధినేత అంగీకరించాడు. సుమారు 179 రూపాయలున్న వాటా ఒక్కరోజులో 40 రూపాయల దిగువకు పడింది. దీన్ని వైనాడు, కోలారులతో కలిపి ఒకే గాటన కట్టడం తగదు. వైనాడులో సిర పలచన. కోలారులో సిర గొప్పది, చెల్లించిన ధర, ఖర్చు పెట్టిన పద్ధతి తప్పు. సత్యంలో వ్యాపారం నిజం, ఖాతా అబద్ధం. మదుపరి నష్టపోయిన తీరు పైకి ఒకటిగానే కనిపించినా, ముందుగా అడగవలసిన ప్రశ్న ప్రతిచోటా వేరు.

అడగని ప్రశ్నల మూల్యం నేడు మరింత విస్తృతమైంది. దేశంలో డీమ్యాట్ ఖాతాల సంఖ్య 2022లోనే 10 కోట్లు దాటింది. 2021–22 నుంచి 2023–24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని, వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించిందని సెబీ అధ్యయనం తేల్చింది. వైనాడు వాటాలు కొనడానికి లండన్ దళారి కావలసివచ్చింది. నేడు తిరుపతిలోని విద్యార్థికి, పలమనేరులోని రైతుకు చేతిలోని ఫోను చాలు.

9. మదుపరులకు అన్వయం

ఈ పరిశీలన నుంచి కొన్ని అంశాలను ప్రతిపాదించవచ్చు. మొదటిది, ఒక రంగానికి భవిష్యత్తు ఉందన్న వాదం ఆ రంగంలోని వాటాను నేటి ధరకు కొనడానికి సమర్థన కాదు. రెండవది, సమీకరించిన మూలధనంలో ఎంత భాగం అసలు పనికి చేరుతుంది, ఎంత భాగం అమ్మకందారులకు పోతుంది అన్నది ప్రాస్పెక్టస్‌లో మొదట వెదకవలసిన విషయం. మూడవది, నిపుణుడి పేరు పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. బ్రౌ స్మిత్ అనుభవజ్ఞుడే, అయినా వైనాడు రాయి ఆయన అంచనాను పాటించలేదు. నాలుగవది, ధర ఎంత లాభాన్ని ఊహిస్తున్నదో వెనక్కు లెక్కగట్టి, ఆ లాభం సాధ్యమా అని అడగటం. వైనాడు మదుపరి వేయని లెక్క ఇదే.

10. ముగింపు

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడటంతో కోలారుతోపాటు చిగురుగుంట పనులూ ఆగిపోయాయి. ఆ తరువాత చిగురుగుంట–బిసానత్తం ఖండం వేలానికి వచ్చింది. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ముందువరుస బిడ్డరుగా నిలిచింది. బంగారం ధర చరిత్రలో ఎన్నడూ లేనంత పెరిగిన ఈ కాలంలో కుప్పం నేల కింది పలుగురాయి మళ్లీ వార్తల్లోకి వస్తున్నది. అక్కడ బంగారం ఉందన్నది 1802 నాటి గ్రామస్థులకే తెలుసు. టన్నుకు ఎంత, ఎంత ఖర్చుకు, ఎవరి చేతికి అన్న ప్రశ్నలకు జవాబు దొరికిన మేరకే దానిమీది ఏ కాగితానికైనా విలువ ఉంటుంది. ఆ ప్రశ్నలను సరిహద్దు గ్రామాల కూలి, భూమి, నీటి వైపు నుంచి కూడా అడగవలసిన అవసరం ఉంది. ఉత్తర ఆర్కాటు జిల్లా దస్త్రాల ఆధారంగా ఈ దిశలో జరగవలసిన పరిశోధన ఎంతో మిగిలి ఉంది.